ఎదురుగాలికి నడిచిన బండి

గాలి కంటికి కనిపించదు, చేతికి చిక్కదు. అయినా తెరచాపను నింపి పడవను నడిపిస్తుంది, గాలిమరను తిప్పి విద్యుత్తునిస్తుంది, తుపాను నాడు ఇంటి కప్పును ఎత్తుకుపోతుంది. ఈ అదృశ్య శక్తితో ఒక చిన్న బొమ్మబండిని నడిపించడం పిల్లల ఆటేనని గత శీతకాలం దాకా నేనూ అనుకున్నాను. మన ఉపనగర పాఠశాలలో కొందరు ఎనిమిదో తరగతి విద్యార్థులతో గడిపిన ఆరు శనివారాలు నా అభిప్రాయాన్ని మార్చివేశాయి. ఆ మార్పు వెనుక నా పొరపాటు ఒకటున్నది. దానిని దాచకుండా చెప్పడమే ఈ వ్యాసానికి ప్రయోజనమని భావిస్తున్నాను.

పాఠశాలలో ఏటా జరిగే విజ్ఞాన ప్రదర్శనకు ఈసారి 'గాలితో నడిచే బండి' అంశంగా ఎంపికైంది. విద్యార్థులకు మార్గదర్శకునిగా ఉండవలసిందని భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని నన్ను కోరారు. ఆవిరి టర్బైన్ల పరీక్షా విభాగంలో ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న నాకు గాలిబండి ఒక లెక్కా అన్న ధీమాతోనే అంగీకరించాను.

తెరచాపతో తొలి అడుగు

నేల మీద గాలి సహాయంతో బండ్లను నడపడం కొత్త ఆలోచన కాదు. 1600 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో సైమన్ స్టెవిన్ అనే గణితవేత్త, యువరాజు మారిస్ కోసం చక్రాలు గల తెరచాప వాహనాన్ని నిర్మించి సముద్రపు టొడ్డున పరుగెత్తించాడు. నాలుగు శతాబ్దాల తరువాత, 2009 మార్చిలో, 'గ్రీన్‌బర్డ్' అనే వాహనం అమెరికాలోని ఒక ఎండిన సరస్సు మీద గంటకు 202 కిలోమీటర్లకు మించిన వేగాన్ని అందుకున్నది. 2022 డిసెంబరులో న్యూజిలాండ్ బృందపు వాహనం 'హోరోనుకు' ఆస్ట్రేలియాలో 222 కిలోమీటర్లు దాటి ఆ రికార్డును అధిగమించింది. ఈ సంగతులు చెప్పగానే పిల్లల కళ్ళు మెరిశాయి. అయితే మన చేతిలో ఉన్నవి మాత్రం ఐస్‌క్రీం పుల్లలు, పాత సీడీలు, సైకిలు పుల్లలు, బాల్‌పెన్ను రీఫిళ్ళు, ఒక పెడెస్టల్ ఫ్యాను.

విద్యార్థులు మూడు జట్లుగా ఏర్పడ్డారు. సైకిలు పుల్లలు ఇరుసులైనాయి. రీఫిలు గొట్టాలు బేరింగులైనాయి. సీడీలు చక్రాలైనాయి. అట్టతో చేసిన తెరచాపను నిలబెట్టి ఫ్యాను వేయగానే మూడు బండ్లూ కదిలాయి. చప్పట్లు మార్మోగాయి. "ఇప్పటిదాకా జరిగినది ఆట. ఇకమీద జరగవలసినది పరీక్ష" అన్నాను నేను.

పరీక్ష అంటే కొలత. వరండాలో 3 మీటర్ల దూరాన్ని సుద్దముక్కతో గుర్తించాము. ప్రతి బండినీ పదిసార్లు నడిపించి సగటు కాలం తీయాలన్నాను. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్నది రెండవ నియమం. తెరచాపను, చక్రాలను, బరువును ఒకేసారి మారిస్తే ఫలితానికి కారణమేదో తేల్చి చెప్పలేము.

అక్కడే మొదటి వింత ఎదురైంది. పడమటి నుంచి తూర్పుకు 3 మీటర్లను 2.8 సెకన్లలో దాటిన బండి, ఫ్యానును అటు తిప్పి తూర్పు నుంచి పడమరకు పంపితే 3.2 సెకన్లు తీసుకున్నది. బండి మారలేదు, తెరచాప మారలేదు. పిల్లలు చక్రాలను మళ్ళీ మళ్ళీ బిగించి చూశారు. చివరకు ఒక కుర్రవాడు జేబులోని గోళీని నేల మీద పెట్టాడు. అది మెల్లగా తూర్పుకు దొర్లిపోయింది! వాన నీరు కాలువలోకి పోవడానికి తాపీమేస్త్రీ ఇచ్చిన వాలు మా ప్రయోగంలో తలదూర్చింది. నాటి నుంచి రెండు దిశలలోనూ నడిపించి సగటు తీయడం అలవాటు చేశాము. పెద్ద యంత్రాల పరీక్షలలో మేము పాటించే జాగ్రత్త కూడా ఇదే.

గాలి వేగాన్ని కొలవడానికి మా వద్ద పరికరం లేదు. ఒక పింగ్‌పాంగ్ బంతిని దారంతో వేలాడదీశాము. గాలి తగిలినప్పుడు దారం నిలువు నుంచి ఎన్ని డిగ్రీలు వంగినదో కోణమానినితో చూస్తే వేగం లెక్కకట్టవచ్చును. 2.7 గ్రాముల బంతి సెకనుకు 3 మీటర్ల గాలిలో సుమారు 7 డిగ్రీలు, 4 మీటర్ల గాలిలో 12, 5 మీటర్ల గాలిలో 18, 6 మీటర్ల గాలిలో 26 డిగ్రీలు వంగుతుంది. ఫ్యానుకు దగ్గరగా ఒక వేగం, రెండు మీటర్ల అవతల మరొక వేగం ఉన్నట్లు ఈ బంతే మాకు తెలియజెప్పింది.

తెరచాప ఎంత పెద్దదైతే బండి అంత వేగంగా పోతుందని పిల్లల ఊహ. 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల తెరచాప మీద సెకనుకు 4 మీటర్ల గాలి దాదాపు 70 గ్రాముల బరువుకు సమానమైన బలంతో తోస్తుంది. తెరచాపను రెట్టింపు చేస్తే బలమూ రెట్టింపు కావలసినదే. కాని బండి బరువు పెరిగింది, తెరచాప అంచులు ఫ్యాను గాలి పరిధి దాటి పోయాయి, పది పరుగులలో మూడుసార్లు బండి బోర్లాపడింది. కాలం మాత్రం ఒక్క పదోవంతు సెకను తగ్గింది.

మరొక సూక్ష్మం కూడా పిల్లలు గ్రహించారు. బండి గాలి దిశలోనే పరుగెత్తుతున్నకొద్దీ తెరచాపకు తగిలే గాలి తగ్గిపోతుంది. గాలి వేగంలో సగాన్ని బండి అందుకునేసరికి తోసే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల గాలివాలున నేరుగా పోయే తెరచాప బండి ఎన్నడూ గాలి వేగాన్ని అందుకోలేదు. గ్రీన్‌బర్డ్ వంటి వాహనాలు గాలికి అడ్డంగా పోతాయి కనుకనే అంతటి వేగాన్ని సాధిస్తాయి.

నా పొరపాటు

మూడవ శనివారం నాడు ఒక బాలిక నా దగ్గరకు వచ్చింది. ఆమె తండ్రి మన కర్మాగారంలోనే క్రేను ఆపరేటరు. మాటలు తక్కువ, చూపు ఎక్కువ అనదగిన పిల్ల.

"అంకుల్, మా బండిని ఫ్యాను వైపుకు నడిపించాలనుకుంటున్నామండీ. తెరచాప తీసేసి గాలిమర పెడతాము. గాలి మరను తిప్పితే, మర చక్రాలను తిప్పుతుంది" అన్నది.

నేను నవ్వాను. "అది జరిగే పని కాదమ్మా. గాలిమరను తిప్పే గాలే దానిని వెనక్కు తోస్తుంది. వచ్చిన శక్తి ఆ తోపును ఎదుర్కోవడానికే చాలదు. ఊరికే శక్తి పుట్టదు. ప్రదర్శనకు మూడు వారాలే ఉన్నది, తెరచాప బండినే మెరుగుపరచుకోండి" అని సలహా ఇచ్చాను. ఆ అమ్మాయి తల ఊపి వెళ్ళిపోయింది. ఒక పిల్లను పొరపాటు దారి నుంచి తప్పించానన్న తృప్తితో నేను ఇంటికి వచ్చాను.

తరువాతి శనివారం వెళ్ళేసరికి వరండా మూల ఆ జట్టు ఒక విచిత్రమైన బండి ముందు కూర్చుని ఉన్నది. పీవీసీ గొట్టాన్ని చీల్చి చెక్కిన నాలుగు రెక్కలు, వాటి వెనుక ఒక చిన్న కప్పీ, దాని నుంచి ఇరుసు మీది పెద్ద కప్పీకి రబ్బరుబ్యాండు. వారి ప్రయోగ పుస్తకాన్ని చేతికి తీసుకున్నాను. మొదటి పుటలో గుండ్రని అక్షరాలతో ఇలా ఉన్నది: 'ఊహ: ఎదురుగాలికి బండి నడవదు. చెప్పినవారు: ఇంజనీరు అంకుల్. పరీక్షించవలెను.'

నాకు కోపం రాలేదని చెబితే అబద్ధమవుతుంది. అయితే 'పరీక్షించవలెను' అన్న మాటను తప్పుపట్టడానికి పరీక్షా విభాగంలో తల నెరిసిన నాకు నోరు రాలేదు.

"ఇది నడుస్తుందని ఎందుకు అనుకున్నావమ్మా?" అని అడిగాను.

"మా అమ్మమ్మగారిది గోదావరి కాలవ ఒడ్డున ఊరండీ. పడవకు నీటిచక్రం కట్టి, ఎగువన చెట్టుకు కట్టిన తాడును ఆ చక్రం చుట్టుకునేటట్లు చేస్తే పడవ ఎగువకు పోదా అంకుల్? నీరు కదులుతుంది, చెట్టు కదలదు. ఇక్కడ గాలి కదులుతుంది, నేల కదలదు" అన్నది ఆ పిల్ల.

ఆ మాటతో నేను పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయాను. శక్తి గాలిలో మాత్రమే లేదు. గాలికీ నేలకూ నడుమ ఉన్న వేగ భేదంలో ఉన్నది. గాలిని పట్టుకునేవి రెక్కలు, నేలను పట్టుకునేవి చక్రాలు. నా వాదనలో నేలను నేను మరచిపోయాను.

లెక్క ఏమంటున్నది?

ఆ రాత్రి కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. గాలి వేగం సెకనుకు 4 మీటర్లు, బండి దానికి ఎదురుగా సెకనుకు 1 మీటరు వేగంతో పోతున్నదనుకుందాము. అప్పుడు రెక్కలకు తగిలే గాలి వేగం 5 మీటర్లు. రెక్కలను వెనక్కు తోసే బలాన్ని ఒక పాలు అనుకుంటే, గాలి నుంచి లభించే శక్తి ఆ పాలును 5తో హెచ్చవేసినంత. చక్రాలు అదే బలంతో ముందుకు తోయడానికి కావలసిన శక్తి ఆ పాలును 1తో హెచ్చవేసినంత మాత్రమే. అంటే లభ్యమయ్యే దానిలో అయిదో వంతు వినియోగమైనా తోపుకు తోపు సరిపోతుంది. నూటికి 30 వంతులు చక్రాలకు చేరితే ముందుకు తోసే బలం వెనక్కు తోసే బలానికి ఒకటిన్నర రెట్లవుతుంది. మిగిలిన సగం పాలు చక్రాల ఘర్షణను ఎదుర్కొంటుంది.

ఊరికే శక్తి పుట్టదని నేను చెప్పిన సూత్రం సరియైనదే. దానిని అన్వయించిన తీరులోనే తప్పున్నది. బలాన్నీ శక్తినీ ఒకటిగా కలిపివేశాను. బలం ఎక్కువ, వేగం తక్కువ కావాలంటే మధ్యలో కప్పీలు చేయవలసిన పని ఉన్నది. లారీ ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరు చేసేదీ అదే.

గాలి శక్తిలో ఎంత భాగాన్ని గాలిమర గ్రహించగలదన్న ప్రశ్నకు 1919లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్స్ సమాధానం చెప్పాడు. గరిష్ఠంగా నూటికి 59.3 వంతులు. మొత్తం గ్రహించాలంటే గాలి రెక్కల వద్దనే ఆగిపోవాలి. ఆగిన గాలి వెనుక వచ్చే గాలికి దారి ఇవ్వదు. సెకనుకు 4 మీటర్ల గాలిలో 30 సెంటీమీటర్ల వ్యాసం గల మర గుండా పోయే శక్తి 2.7 వాట్లు. బెట్స్ పరిమితి ప్రకారం అందులో 1.6 వాట్లకు మించి రాదు. పిల్లలు చెక్కిన రెక్కలకు అందులో మూడో వంతు దక్కినా గొప్పే. అది చిన్న టార్చిలైటు బల్బుకు సరిపోయేంత శక్తి. గాలి వేగం రెట్టింపైతే మాత్రం ఈ శక్తి ఎనిమిది రెట్లవుతుంది. తమిళనాడులోని ముప్పందల్ వద్ద, మన అనంతపురం ప్రాంతపు రామగిరి కొండల మీద గాలిమరలను వెదికి వెదికి నిలబెట్టడానికి కారణమిదే. గాలి కొద్దిగా ఎక్కువ ఉన్న చోటు దొరికితే ఫలితం చాలా ఎక్కువగా ఉంటుంది.

వెనక్కు పోయిన బండి

లెక్క కాగితం మీద కుదిరినంత సులభంగా బండి నేల మీద కుదరలేదు. మొదటి పరీక్షలో మర గిర్రున తిరిగింది, బండి మాత్రం వెనక్కే పోయింది. చిన్న కప్పీకీ పెద్ద కప్పీకీ వ్యత్యాసం చాలలేదు. ఇరుసు మీది కప్పీని పెద్దది చేసి, మర నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేటట్లు అమర్చారు. రెండవ పరీక్షలో బండి మరింత జోరుగా వెనక్కు పోయింది! మర ఇరుసు బండి పొడవునా ఉంటుంది, చక్రాల ఇరుసు అడ్డంగా ఉంటుంది. రెండింటినీ కలిపే రబ్బరుబ్యాండు పావు మెలిక తిరగాలి. ఆ మెలిక ఎటు పడితే బండి అటు పోతుంది. పిల్లలు దానిని తారుమారుగా వేశారు.

మెలిక సరిచేశాక చక్రాలు ముందుకే తిరిగాయి, అయితే నున్నని నేల మీద జారిపోయాయి. పగిలిన బుడగల రబ్బరును సీడీల అంచుకు తొడిగారు. పట్టు దొరికింది. ఎత్తున ఉన్న రెక్కల మీద గాలి తోపు వల్ల ఈసారి బండి ముందు చక్రాలు లేచి వెల్లకిలా పడింది. ముందు భాగంలో రెండు రూపాయి బిళ్ళలు అంటించారు. చాలలేదు. నాలుగు అంటించారు.

ప్రతి వైఫల్యానికీ పుస్తకంలో ఒక వరుస చేరింది: ఏమి మార్చినది, ఏమి జరిగినది, ఎందుకని అనుకుంటున్నది. ఈ దశలో నా చేతులు ఎన్నోసార్లు ముందుకు సాగాయి. ఆ రెక్కల వంపును అయిదు నిమిషాలలో నేను సరిచేయగలను. ఉపాధ్యాయిని మాత్రం మెల్లగా, "చేసేవారు వాళ్ళేనండీ" అని గుర్తు చేశారు. చేతులు వెనక్కు కట్టుకుని నిలబడడం మార్గదర్శకునికి కష్టమైన పని అని నాకు ఆనాడు తెలిసింది.

అయిదవ శనివారం సాయంత్రం, ఎండ వరండా స్తంభాల మీదికి వాలిన వేళ, ఆ బండి ఫ్యాను ముందు ఒక్క క్షణం తటపటాయించి, కొద్దిగా వణికి, గాలికి ఎదురుగా కదిలింది. రెండు మీటర్ల దూరానికి అయిదు సెకన్లు పట్టింది. గాలి వేగంలో పదో వంతు. తెరచాప బండ్ల ముందు అది నత్తనడకే. అయినా ఆ రెండు మీటర్లను చూస్తూ పిల్లలెవరూ చప్పట్లు కొట్టలేదు. నిశ్శబ్దంగా ఉండిపోయారు. తరువాత ఆ బాలిక బండిని తిరిగి గీత మీద పెట్టి, "ఇంకా తొమ్మిదిసార్లు ఉంది" అన్నది.

పది పరుగులూ అయ్యాక, ఫ్యానును రెండవ చివరకు మార్చి మరో పది పరుగులు జరిపారు. వాలు మీద ఎగువకు కూడా బండి నడిచింది, కాస్త నిదానంగా. అనుమానానికి తావు లేదు.

ఊరట కలిగించిన సంగతి

నాలా పొరబడినవారు ఇంకా ఉన్నారని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో రిక్ కవల్లారో బృందం నిర్మించిన 'బ్లాక్‌బర్డ్' అనే వాహనం 2010లో గాలివాలున నేరుగా, గాలి వేగానికి 2.8 రెట్ల వేగంతో పరుగెత్తింది. ఇందులో చక్రాలే పెద్ద పంకాను తిప్పుతాయి. 2012లో అదే వాహనాన్ని మార్చి ఎదురుగాలికి నడిపితే గాలి వేగానికి 2.1 రెట్లు అందుకున్నది. గాలివాలున గాలిని మించి పోవడం అసాధ్యమని వాదించిన ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు 2021లో పదివేల డాలర్ల పందెం కాసి, చివరకు ఆ సొమ్ము చెల్లించాడు. ఎదురుగాలికి నడిచే వాహనాలకు నెదర్లాండ్స్‌లో 2008 నుంచి విద్యార్థి బృందాలతో పందాలు కూడా జరిగాయి. నేను అసాధ్యమన్న పనిని ఇతర దేశాల విద్యార్థులు అప్పటికే పోటీపడి చేస్తున్నారన్నమాట.

ప్రదర్శన నాడు ఎదురుగాలి బండికి ద్వితీయ బహుమతి లభించింది. ప్రథమ బహుమతి వేగంగా నడిచిన తెరచాప బండికి దక్కింది. నిబంధన వేగానికే కనుక అది న్యాయమే. ఆ బాలిక తండ్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. నన్ను చూసి నమస్కరించి, "అంతా మీరు చేయించారట సార్" అన్నాడు. "కాదయ్యా, వద్దన్నవాణ్ణి నేను. చేసింది మీ అమ్మాయి" అన్నాను. మర్యాద కోసం అంటున్నాననుకుని అతడు నవ్వాడు. నేను ప్రయోగ పుస్తకం తెప్పించి మొదటి పుట చూపించాను. ఆ తరువాత, ఆ ఊహ కింద 'పరీక్షలో తప్పని తేలినది' అని రాసి సంతకం చేశాను.

మన బల్లల మీది కాగితాలు

ఈ కథ ఇక్కడితో ముగిస్తే బాగానే ఉండేది. కాని సోమవారం ఉదయం కార్యాలయంలో బల్ల సొరుగు తెరిచినప్పుడు, సూచనా పథకం కింద మా విభాగపు కార్మిక సోదరులు పంపిన పత్రాల కట్ట కనిపించింది. కొన్నింటి మీద నా చేతివ్రాత: 'ఆచరణ సాధ్యం కాదు'. ఎన్నింటిని పరీక్షించి ఆ మాట రాశాను? లెక్కపెట్టి చూశాను. తొమ్మిది పత్రాలలో రెండింటిని మాత్రమే.

మిగిలిన ఏడింటినీ తిరిగి చదివాను. అయిదింటి విషయంలో నా అభిప్రాయం మారలేదు. అయితే ఈసారి కారణం రాసి పంపాను. రెండింటిని చిన్నస్థాయిలో పరీక్షకు పెట్టాము. ఒకటి పనికిరాలేదు. రెండవది, ఒక సీనియర్ టెక్నీషియన్ పంపినది, కవాటం పరీక్షకు ముందు చేసే అమరిక సమయాన్ని తగ్గించేదిగా కనిపిస్తున్నది. దాని పరుగులు ఇంకా పది పూర్తి కాలేదు కనుక ఇప్పుడే ఏమీ అనను. ఆ పత్రం మీది తేదీ చూస్తే, అది నా సొరుగులో ఏడాదికి పైగా ఉన్నది. ఆ ఏడాది నష్టం ఎవరి లెక్కలో రాయాలో నాకు తెలుసు.

ఉద్యోగ మిత్రులకు, వారి కుటుంబాలకు రెండు విన్నపాలు. మీ పిల్లలు అట్టముక్కలు, పాత సీడీలు పోగుచేసి ఇల్లంతా చెత్త చేస్తుంటే కొంచెం ఓర్చుకోండి. గాలిబండి చేయడానికి యాభై రూపాయల సామగ్రి, ఒక ఫ్యాను, ఒక గడియారం చాలు. అయితే బండిని మీరు చేసిపెట్టకండి. పుస్తకంలో అంకెలను అందంగా సవరించకండి. వెనక్కు పోయిన బండి వెనక్కే పోయిందని రాయనివ్వండి.

రెండవది నావంటి పెద్దలకు. అనుభవం తెరచాప వంటిది. గాలివాలున మనల్ని సునాయాసంగా తీసుకుపోతుంది. కాని ఎదురుగాలి ప్రశ్న వచ్చినప్పుడు తెరచాపను దించి, నేల ఎక్కడున్నదో చూసుకోవాలి. ఇప్పుడు నా బల్ల అద్దం కింద ఒక కాగితపు ముక్క ఉన్నది. ఆ అమ్మాయిని అడిగి, ఆమె గుండ్రని చేతివ్రాతతోనే రాయించుకున్నాను. దాని మీద ఒకే ఒక్క మాట ఉన్నది: 'పరీక్షించవలెను.'